దేహశిల్పి కె. వి. అయ్యర్

చందాపురనుండి హోసూరు రోడ్డు పట్టి బెంగుళూరు నగరములోనికి పోవువారికి దారి పొడుగునను వ్యాయామశాలల బోర్డులు కనుపించును. వానిపై కండలు తిరిగిన యువకుల బొమ్మలుండును. సాయంకాలము బడి విడిచిన పిమ్మట ఆ బొమ్మలయెదుట నిలిచి తేరిపార చూచు బాలురు మనలోను కలరు. ఇనుప బరువులెత్తి దేహమును తీర్చుకొను ఈ విద్య నిన్న మొన్న పరదేశమునుండి మన వీథులకు వచ్చినదని వారు తలచుచుందురు. అది సరి కాదు. ఈ నగరముననే నూరు సంవత్సరములకు పూర్వము ఒక యువకుడు ఆ విద్యను తన దేహముపైననే సాధించి, పిదప దానికొక శాలను నెలకొల్పి, ఊరివారికి నేర్పెను. ఆయనయే ప్రొఫెసర్ కె. వి. అయ్యర్. వారి జీవితమును మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపవలెనని మేము తలచితిమి.

కోలారు వేంకటేశ అయ్యరుగారు 1897వ సంవత్సరమున కోలారు జిల్లా, ముళబాగిలు తాలూకాలోని దేవరాయసముద్రమున జన్మించిరి. ముళబాగిలు సీమ మనకు క్రొత్తది కాదు. చిత్తూరు జిల్లా సరిహద్దున నున్న ఆ ప్రాంతమున కన్నడముతో పాటు తెలుగును ఇంటింట వినవచ్చును. అయ్యరుగారు కన్నడ రచయితలు. వారు మన భాషవారు కారే యని యెవరైన అడుగవచ్చును. మనము నివసించు నగరమునకు మేలు చేసినవారిని మనవారనుకొనుటకు భాష అడ్డు రాదని మా అభిప్రాయము.

ఆయన బాల్యమున దేహబలమును గూర్చిన మాట వచ్చినచో జనుల నోట రెండు పేర్లు వినబడుచుండెడివి. ఒకటి మన కోడి రామమూర్తి నాయుడుగారిది. ఉత్తరాంధ్రమున వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయులై, పిదప సర్కసు నెలకొల్పి, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగబట్టి త్రెంచుచు, ఎదురొమ్ముపై ఏనుగు నెక్కించుకొనుచు దేశమంతట తిరిగిన మహాబలుడాయన. ఆయనను కలియుగ భీముడనిరి. 1942లో ఆయన గతించువరకును, ఆ తరువాతను, తెలుగునాట ఆయన పేరు వినని పల్లె లేదు. రెండవ పేరు యూజిన్ శాండో. జర్మనుల కోనిగ్స్‌బర్గ్ పట్టణమున 1867లో పుట్టి, ఇంగ్లండున స్థిరపడిన ఈతడు 1904-05 సంవత్సరములలో మన దేశమునకును వచ్చి ప్రదర్శనము లిచ్చెను.

ఈ యిరువురకును గల భేదమును గమనింపవలెను. రామమూర్తిగారి దేహము ఎంత భారమును మోయగలదో చూచుటకు జనులు వచ్చెడివారు. శాండో దేహమును చూచుటకే వచ్చెడివారు. శాండో 1901లో లండను ఆల్బర్ట్ మందిరమున ఒక గొప్ప పోటీని నడిపెను. కథకుడైన కానన్ డాయిలును, ఒక శిల్పియును అందు ఆతనితో కూడ న్యాయనిర్ణేతలు. ఎవని కండలు మిక్కిలి లావుగా నున్నవో వానికి బహుమానము కాదు. అంగములన్నియు ఎవనికి ఒకదానికొకటి తగియున్నవో వానికే యని నిబంధన. శిల్పిని పిలుచుటలోని ఆంతర్యము అదియే. అయ్యరుగారు ఈ రెండవ మార్గమును పట్టిరి.

అప్పటి బెంగుళూరులో వ్యాయామమనగా గరిడియే. కన్నడమున గరడిమనె అందురు. తెలుగునాట తాలింఖానా యన్నను అదియే. ఎఱ్ఱమట్టి గోదా, దండీలు, బస్కీలు, గదలు, మర్దనము, కుస్తీ. కరగ ఉత్సవమున కత్తులు పట్టి నడచు వీరకుమారులు నేటికిని అట్టి గరిడిలలోనే తయారగుదురు. అది గొప్ప విద్య. ఐనను అందొక చిక్కు గలదు. దండీ తీయువాడు ఎత్తునది తన దేహభారమునే. బలము పెరిగినకొలది భారమును పెంచు ఉపాయము లేదు, లెక్కనే పెంచవలెను. నూరు దండీలు తీయువాడు ఐదు వందలు తీయును, వెయ్యి తీయును. దానివలన దమ్ము పెరుగును గాని, కొంతదూరము పోయిన పిమ్మట కండ పెరుగుట మందగించును. మరియు పహిల్వానులు కుస్తీకొరకు పాలు, నేయి, బాదములు మెండుగా తినెడివారు. గోదాలో బరువుగా నుండుటయు ఒక లాభమే గదా! కావున కండపై క్రొవ్వు పేరుకొన్నను వారికి చింత లేకుండెను.

బార్‌బెల్ అను పరికరము ఈ చిక్కును విడదీసెను. ఇనుప కడ్డీ కిరుప్రక్కల చక్రములు తగిలించుదురు. ఈ వారము పది కిలోలెత్తినవాడు వచ్చే వారము మరియొక చిన్న చక్రమును చేర్చుకొనును. దేహమునకు ఎప్పటికప్పుడు కొంచెము క్రొత్త పని. అంతియే రహస్యము. ప్రాచీన గ్రీకు దేశమున మైలో యను మల్లుడు లేగదూడను దినదినమును ఎత్తుచు, అది ఎద్దగువరకును ఎత్తెనను కథలోని యుక్తియు ఇదియే. అంతేకాదు, భుజమునకు, వీపునకు, తొడకు వేర్వేరుగా పని చెప్పుటకు ఈ పరికరము వలన వీలు కలిగినది. వెలితిగా నున్న చోట శిల్పి మట్టి నద్దినట్లు దేహమున కొరతపడిన భాగమును పెంచుకొనవచ్చును.

అయ్యరుగారు 1922 ప్రాంతమున బెంగుళూరులో తమ శాలను తెరచిరి. దానికి హెర్క్యులీస్ వ్యాయామశాల యని పేరు. అచట ఇనుప బరువులకు పెద్ద పీట. ఆనాడు మన దక్షిణ దేశమున ఈ పద్ధతి అరుదు. శిష్యులకు నేర్పుటకు ముందు ఆయన తన దేహమునే నమూనాగా తీర్చుకొనిరి. గ్రీకు విగ్రహముల భంగిమలలో తీయించుకొన్న ఆయన ఛాయాచిత్రములు ఇంగ్లండులోని హెల్త్ అండ్ స్ట్రెంగ్త్ వంటి పత్రికలలో వెలువడెను. మన దేశస్థులు బలహీనులని తెల్లవారు హేళన చేయుచున్న కాలమది. ఒక బెంగుళూరు యువకుని చిత్రమును వారి పత్రికలే మెచ్చి వేసికొనుట ఆనాటి వారికెంత ఉత్సాహము కలిగించెనో ఊహింపవచ్చును. 1930లో ఆయన మజిల్ కల్ట్ అను ఆంగ్ల గ్రంథమును ప్రకటించిరి. 1936లో పర్ఫెక్ట్ ఫిజిక్ వెలువడెను. ఆయన రచనలలో తన దేహసౌష్ఠవమును తానే నిస్సంకోచముగా పొగడుకొనిన చోటులు కలవు. చదువునప్పుడు మాకు నవ్వు వచ్చినది. వినయము ఆ పుస్తకముల గుణము కాదు.

ఐతే ఆయన పరదేశపు పద్ధతిని గ్రుడ్డిగా దిగుమతి చేసికొనలేదు. ఆసనములను, సూర్యనమస్కారములను బరువులతో జోడించిరి. ఔంధు సంస్థానాధిపతి సూర్యనమస్కారములకు దేశమంతట ప్రచారము చేయుచున్న రోజులవి. అయ్యరుగారు 1937లో సూర్యనమస్కారములపై వేరొక పుస్తకము వ్రాసిరి. యోగమును ఆధునిక వ్యాయామముగా బోధించిన సుందరముగారు ఆయనకు మిత్రులు. ఇరువురును కలసి ఊరూర ఉపన్యాసములిచ్చి, ప్రదర్శనములు చేసిరి. మైసూరు జగన్మోహన ప్రాసాదమున ఒకవైపు కృష్ణమాచార్యులవారు యోగశాల నడపుచుండగా, అదే ప్రాసాదమున అయ్యరుగారి శిష్యులైన అనంతరావుగారు దేహదార్ఢ్యమును నేర్పుచుండిరి. నేడు యోగమునకును బరువులకును పొసగదని వాదించువారు ఈ సంగతిని ఎరుగరు కాబోలు.

ఇచట మేము కొంత ఆగి, నేటి శాస్త్రము చెప్పు రెండు మూడు సంగతులు చెప్పదలచితిమి. మన తల్లిదండ్రులకు ఇవి అవసరము. ఆ కాలపు వ్యాయామాచార్యులు అనేకులు పొట్టకు వ్యాయామము చేసినచో పొట్టలోని క్రొవ్వు కరగునని నమ్మిరి. అది నిజము కాదని నేడు తెలిసినది. ఏ అవయవమునకు పని చెప్పిన ఆ అవయవము కండ బలపడును. క్రొవ్వు మాత్రము దేహమంతటినుండి దాని క్రమమున అది కరగును. వెచ్చించు శక్తికంటె తిను తిండి తక్కువైనప్పుడు ఆ లోటును దేహము తన నిలువనుండి పూరించుకొనును. అట్లు పూరించుకొనునప్పుడు అది క్రొవ్వునే తీసికొనునను నియమమేమియు లేదు. పని లేని కండనుకూడ కరగించి వాడుకొనును. పస్తులుండి చిక్కినవారికి తూకము తగ్గినను నీరసము, వ్రేలాడు చర్మము మిగులుటకు కారణమిదియే. కండకు ఎదురుభారముతో పని తగిలినప్పుడు, మాంసకృత్తులు చాలినంత అందినప్పుడు, దేహము కండను కాపాడుకొని క్రొవ్వును వెచ్చించును. వారమునకు సుమారు అరకిలోకు మించి తగ్గకుండుట మేలు.

మాంసకృత్తులెంత కావలెను? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారము సామాన్యముగా పెద్దలకు దేహపు కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాములు చాలును. బరువులెత్తుచు క్రొవ్వు తగ్గించుకొను పెద్దలకు 1.6 గ్రాములవరకు ఉపకరించునని పరిశోధకులు చెప్పుదురు. దీనికై విలువగల డబ్బాల పొడులే కొననక్కరలేదు. నూరు గ్రాముల కందిపప్పున, ఉలవలలో సుమారు 22 గ్రాములు కలవు. ఒక గ్రుడ్డులో 6 గ్రాములు కలవు. రాగులలో 7 గ్రాములే యైనను, మన సీమలో రాగిసంకటిని ఉలవచారుతో తినుచుందుము గదా! ఎదిగెడి పిల్లలు తిండి తగ్గించుకొనుట మాత్రము కూడదు. కండలకై హార్మోను మందులు, సూదులు పుచ్చుకొనినచో గుండెయు కాలేయమును చెడును. ఎముకల ఎదుగుదల అర్ధాంతరముగా నిలిచిపోవును. ఈ సంగతి బోర్డులమీద వ్రాయరు.

తూకపు యంత్రము కండను, క్రొవ్వును వేరు చేసి చూపలేదు. బరువులెత్తువాడు మూడు నెలలలో రెండు కిలోల క్రొవ్వు పోగొట్టుకొని, రెండు కిలోల కండ సంపాదించినచో ముల్లు కదలదు. నడుము చుట్టుకొలత తగ్గియుండును, చొక్కా భుజములకడ బిగిసియుండును. శరీరపు తీరును చూడవలెను గాని భారమును కాదని అయ్యరుగారు బోధించినది ఈ విధముగా నేటి శాస్త్రమునకు సమ్మతముగనే యున్నది.

ఆయన కీర్తి నగరము దాటిపోయెను. శాలకు రాలేనివారికై తపాలా ద్వారా పాఠములు పంపు ఏర్పాటు చేసిరి. మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడెయరుగారికి పక్షవాతము సోకినప్పుడు అయ్యరుగారు మర్దనముతోను, వ్యాయామముతోను చికిత్స చేసిరి. మహారాజు సంతోషించి చేసిన సాయముతో 1940లో క్రొత్త భవనమున వ్యాయామశాల వెలసెను. మహారాజు ఆ సంవత్సరమే స్వర్గస్థులైరి.

ఆ వ్యాయామశాలకు కండలవారే కాక, కవులును, నటులును వచ్చెడివారు. కన్నడ నాటకకర్త టి. పి. కైలాసంగారు అయ్యరుగారికి ప్రాణమిత్రులు. భూగర్భశాస్త్రము చదువుటకై లండను వెళ్ళిన కైలాసంగారికి కసరత్తుపై మక్కువ మెండు. వయస్సున తనకంటె పదమూడేండ్లు పెద్దయైన ఆ మిత్రుని సాంగత్యమే అయ్యరుగారిని సాహిత్యమువైపు మరల్చెనని చెప్పిన తప్పు కాదు. ఇరువురును వచ్చిన ఇండ్లు వేరు. కైలాసంగారి ఇంటి భాష తమిళము. ఇరువురును కన్నడమునకు సేవ చేసిరి. 1946లో మిత్రుడు మరణించిన పిదప అయ్యరుగారు ఆయన స్మృతులను పుస్తకముగా వ్రాసిరి. శిష్యులును మిత్రులును కూడి రవి కళావిదులను నాటక సమాజమును నడపిరి. డంబెల్లు పట్టిన చేతులే ముఖమునకు రంగు పూసికొని రంగస్థల మెక్కినవి.

ఆయన నవలలలో రెండు మిక్కిలి ప్రసిద్ధములు. హొయ్సల రాజైన విష్ణువర్ధనుని పట్టమహిషియు, నాట్యకోవిదయు నగు శాంతల కథ ఒకటి. రెండవది రూపదర్శి. అందలి కథ ఇటలీ దేశమున జరుగును. మహాశిల్పి మైకెలాంజిలో బాలక్రీస్తును చిత్రించుటకు తగిన ముఖమునకై వెదకి వెదకి, తుదకు ఒక సుందర బాలుని కనుగొనును. ఏండ్లు గడచును. క్రీస్తును పట్టియిచ్చిన యూదాను చిత్రించుటకు ఒక క్రూరమైన ముఖము కావలసివచ్చును. మరల వెదకును. అట్టి ముఖమొకటి దొరకును. ఆ మనుష్యుడు చిత్రకారుని యెదుట కూర్చుండి కన్నీరు విడుచును. తాను మునుపు బాలక్రీస్తుకై కూర్చున్న బాలుడనేనని చెప్పును.

తన దేహమును దానిపాటికి విడువక నలుబదియేండ్లు చెక్కిన మనుష్యుడు, మనుష్యుని నడవడి ముఖమును చెక్కు కథను వ్రాసెను. యౌవనమున ఆయన తీయించుకొన్న చిత్రములను, ఆ నవలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచినప్పుడు, వ్రాసినవాడును, చిత్రములోనివాడును ఒక్కడేనాయని మాకు ఆశ్చర్యము కలిగినది. అయ్యరుగారు 1980వ సంవత్సరమున కాలధర్మము నొందిరి. అప్పటికి ఆయన వయస్సు ఎనుబది దాటినది.