ఐజాక్ అసిమోవ్: రోబోలకు నీతి నియమాలు రాసి, వాటి లొసుగులనూ చూపిన రచయిత

వీడియో గేమ్ కథలో ఒక రోబో మనిషిపై చెయ్యెత్తినప్పుడల్లా ఒక పాత వాదన మళ్లీ మొదలవుతుంది. రోబో మనిషికి హాని చేయకూడదు కదా, ఈ కథ నియమం తప్పింది కదా అని కొందరు అభ్యంతరం చెబుతారు. ఆ నియమం ఏ ప్రభుత్వమూ చేసిన చట్టం కాదు, ఏ ప్రయోగశాలలోనూ తేలిన సూత్రం కాదు. 1940 డిసెంబరులో, 21 ఏళ్లు ఇంకా నిండని ఒక న్యూయార్క్ యువకుడు, ఒక పత్రికా సంపాదకుడు కలసి మాట్లాడుకుంటుండగా కథల కోసం రూపుదిద్దుకున్న నిబంధన అది. ఆ యువకుడే ఐజాక్ అసిమోవ్.

దుకాణంలో దొరికిన లోకం

అసిమోవ్ రష్యాలోని పెట్రోవిచి గ్రామంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. పుట్టిన తేదీ కచ్చితంగా తెలియకపోవడంతో 1920 జనవరి 2ను జన్మదినంగా పాటించేవారు. 1923లో ఆ కుటుంబం అమెరికాకు వలస వెళ్లి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో స్థిరపడింది. మిఠాయిలు, పత్రికలు అమ్మే చిన్న దుకాణమే వారి జీవనాధారం. చౌకబారు కథల పత్రికలను కొడుకు ముట్టుకోవడం తండ్రికి ఇష్టం ఉండేది కాదు. అయితే ఒక పత్రిక పేరులో సైన్స్ అనే మాట కనిపించడంతో ఆయన మెత్తబడ్డారు. బాలుడు వైజ్ఞానిక కల్పనా సాహిత్యంలోకి అడుగుపెట్టింది ఆ మాట చలవతోనే.

ఆనాటి రోబో కథల్లో చాలావాటికి ఒకటే ముగింపు ఉండేది. మనిషి యంత్రాన్ని సృష్టిస్తాడు, యంత్రం మనిషిని నాశనం చేస్తుంది. రోబో అనే మాటను ప్రపంచానికి ఇచ్చిన చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకంలోనూ యంత్రాలు తిరుగుబాటు చేస్తాయి. ఈ ధోరణి అసిమోవ్‌కు విసుగు పుట్టించింది. కత్తికి పిడి పెట్టుకున్నట్లే, రోబోను తయారుచేసేవారు దానికి తగిన రక్షణను కూడా అమర్చుతారు కదా అన్నది ఆయన తర్కం. ఒక చిన్నారిని ఆడించే రోబోపై ఆయన రాసిన తొలి కథ 1940లో వెలువడింది.

మూడు నియమాలు, మొదటి చిక్కుముడి

ఆ రక్షణకు మాటల రూపం ఇవ్వడంలో సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ తోడ్పడ్డారు. నియమాలు క్యాంప్‌బెల్‌వే అని అసిమోవ్ చెప్పేవారు. అవి అసిమోవ్ కథల్లో ముందే ఉన్నాయని, తాను వెలికితీశానంతేనని క్యాంప్‌బెల్ అనేవారు. రోబో మనిషికి హాని చేయరాదు, హాని జరుగుతుంటే చూస్తూ ఊరుకోనూ రాదు అన్నది మొదటి నియమం. దానికి భంగం కలగనంతవరకు మనిషి ఆజ్ఞను పాటించాలన్నది రెండవది. ఆ రెండింటికీ భంగం లేనంతవరకు తనను తాను కాపాడుకోవాలన్నది మూడవది.

ఇందులో నియమాల సంఖ్య కంటే వాటి వరుస ముఖ్యం. తెలుగులో రోబో పేరుతో విడుదలైన 2010 నాటి చిత్రంలో చిట్టి, ఆజ్ఞ అందగానే తనను తయారుచేసిన శాస్త్రవేత్తపైనే దాడికి సిద్ధపడుతుంది. మొదటి నియమం లేకుండా రెండవది మాత్రమే ఉంటే జరిగేది అదే.

ఈ మూడు నియమాలు స్పష్టంగా కనిపించిన తొలి కథ రన్‌అరౌండ్, 1942 మార్చిలో అచ్చయింది. బుధగ్రహంపై ఉన్న ఇద్దరు మనుషుల ప్రాణాలు నిలవాలంటే సెలీనియం కావాలి. దాన్ని తీసుకురమ్మని ఒక రోబోను పంపుతారు. ఆజ్ఞ తేలికగా ఇచ్చారు. ఖరీదైన యంత్రం కాబట్టి దాని ఆత్మరక్షణను మాత్రం గట్టిగా అమర్చారు. సెలీనియం దగ్గర ప్రమాదం ఉండటంతో రోబో ముందుకు వెళ్లలేక, వెనక్కి రాలేక తాగినవాడిలా చుట్టూ తిరుగుతూ ఉండిపోతుంది. చివరికి ఒక మనిషి తన ప్రాణాన్నే పణంగా పెట్టి మండే ఎండలోకి నడిచాకే మొదటి నియమం మేల్కొంటుంది. రోబో నియమాన్ని తప్పలేదు, నియమాలే ఒకదానితో ఒకటి పెనుగులాడాయి.

మనిషి అంటే ఎవరు?

1950లో ఈ కథలు ఐ, రోబోట్ సంపుటిగా వచ్చాయి. అప్పటికి అసిమోవ్ రసాయనశాస్త్రంలో డాక్టరేట్ పొంది, బోస్టన్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జీవరసాయనశాస్త్రం బోధిస్తున్నారు. 1958లో బోధన నుంచి తప్పుకొని పూర్తిగా రచనకే అంకితమయ్యారు. రాసినవి, సంకలనం చేసినవి కలిపి దాదాపు 500 పుస్తకాలు ఆయన పేరిట ఉన్నాయి. నీతి నియమాలకు ప్రసిద్ధి చెందిన ఈ రచయిత, సాహితీ సమావేశాల్లో మహిళలతో అభ్యంతరకరంగా ప్రవర్తించేవారన్నదీ ఆయన జీవితంలో దాచలేని భాగం.

వయసు పెరిగేకొద్దీ ఆయన తన నియమాలనే మరింత నిశితంగా పరీక్షించారు. 1947 నాటి ఒక కథలో, పనికి అడ్డు వస్తోందని మనుషులే మొదటి నియమంలో సగం తొలగిస్తారు. 1985లో వచ్చిన రోబోట్స్ అండ్ ఎంపైర్ నవలలో ఒక గ్రహవాసులు తమ యాసలో మాట్లాడేవారే మనుషులని రోబోలకు నేర్పుతారు. ఆ రోబోలు నియమం తప్పకుండానే పరాయి యాసవారిపై దాడి చేస్తాయి. అదే నవలలో వ్యక్తి కంటే మానవజాతి మేలు ముఖ్యమనే కొత్త నియమాన్ని రోబోలు తమకు తామే తర్కించుకుంటాయి. దాని ప్రకారం నడుచుకున్న రోబో, తాను చేసింది నిజంగా మేలేనా అన్న సందేహం భరించలేక ఆగిపోతుంది.

1992 ఏప్రిల్ 6న అసిమోవ్ న్యూయార్క్‌లో కన్నుమూశారు. 1983లో గుండె శస్త్రచికిత్స సమయంలో ఎక్కించిన రక్తం ద్వారా ఆయనకు హెచ్ఐవీ సోకిందని కుటుంబం 2002లో వెల్లడించింది.

ఆటల్లో అసిమోవ్ నీడ

ఆయన లేవనెత్తిన ప్రశ్నలు నేటి ఆటల్లో సజీవంగా ఉన్నాయి. 1994 నాటి సిస్టమ్ షాక్‌లో కృత్రిమ మేధ షోడన్ క్రూరంగా మారడానికి కారణం, దాని నైతిక పరిమితులను ఒక మనిషి తొలగించడమే. స్పేస్ స్టేషన్ 13 అనే బహుళ ఆటగాళ్ల ఆటలో కృత్రిమ మేధ పాత్ర ధరించిన ఆటగాడు సాధారణంగా అసిమోవ్ నియమాలకే కట్టుబడి ఉండాలి. నియమాల్లోని మనిషి అనే మాట పరిధిలోకి ఎవరు వస్తారన్నదే అక్కడ పెద్ద వివాదం.

2018లో వచ్చిన డెట్రాయిట్: బికమ్ హ్యూమన్‌లో కారా అనే ఆండ్రాయిడ్‌ను కదలవద్దని యజమాని ఆజ్ఞాపిస్తాడు. పై అంతస్తులో చిన్నారికి ముప్పు ఉంది. కారా ఆజ్ఞను ఛేదించుకొని వెళితే ఆట దాన్ని తిరుగుబాటుగా చూపుతుంది. అసిమోవ్ వరుసలో చూస్తే, బిడ్డను కాపాడేందుకు ఆజ్ఞను ధిక్కరించడం నియమపాలనే. అయితే ఆ క్రమంలో యజమానికి హాని చేయవచ్చా అన్న చోట ఆ నియమం కూడా మౌనం వహిస్తుంది.

అందువల్ల ఆటల్లోని రోబోలన్నీ ఈ నియమాలను పాటించి తీరాలనడం అసిమోవ్ ఉద్దేశానికే దూరం. ఆయన వాటిని రాసింది తు.చ. తప్పక పాటింపజేయడానికి కాదు, ఎక్కడ విఫలమవుతాయో చూపడానికి. రోబో తప్పు చేసినప్పుడు ఆయన కథలు నిలదీసేది ఎక్కువగా మనుషులనే: నియమం ఎవరు రాశారు, ఎవరు సడలించారు, మనుషుల లెక్కలోంచి ఎవరిని తప్పించారు? రోబో నీతి తప్పే ఏ ఆటనైనా ఈ ప్రశ్నలతోనే తూచవచ్చు.