రైతు పేరు దస్త్రానికెక్కించిన మన్రో దొర

రాయలసీమ పల్లెల్లో ఒకప్పుడు మగబిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవారు ఉండేవారు. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చి, ఊరూరా డేరాలు వేసుకుని తిరిగి, చేను చేనుకూ శిస్తు కట్టించిన సర్ థామస్ మన్రో పేరు అది. శిస్తు వసూలు చేసిన దొర పేరును రైతులు తమ బిడ్డలకు పెట్టుకున్నారంటే, అందుకు కారణం లేకపోలేదు.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి వర్తకుడు. అమెరికా యుద్ధంతో వ్యాపారం దెబ్బతిని కుటుంబం చితికిపోయింది. కుంపిణీ సైన్యంలో చేరిన మన్రో 1780లో, 18 ఏళ్ల వయసులో మద్రాసు చేరుకున్నారు. హైదరాలీతో జరిగిన యుద్ధంలో పాల్గొన్నారు. 1792 నుంచి ఏడేళ్లపాటు సేలం ప్రాంతంలోని బారామహల్‌లో రీడ్ దొర కింద శిస్తు పనులు చూశారు. మధ్యవర్తి లేకుండా రైతుతో నేరుగా లెక్క చూసుకునే పద్ధతిని అక్కడే నేర్చుకున్నారు.

1800లో నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలు ప్రాంతంలో కొంత భాగాన్ని కుంపిణీకి అప్పగించాడు. అందుకే వీటికి దత్తమండలాలనే పేరు వచ్చింది. మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా నియమితులయ్యారు. అప్పటికి సీమలో సుమారు 80 మంది పాలెగాళ్లు ఉండేవారు. ఎవరి బలం కొద్దీ వారు రైతు కల్లం మీద పడేవారు. మన్రో సైన్యం సాయంతో వారిని అణచివేశారు.

చేను చేనుకూ కొలత

తరువాత భూముల కొలతలు చేపట్టారు. 1802లో ఈ పని మొదలయ్యేనాటికి కచేరీలో భూమి కొలవడం తెలిసిన గుమాస్తాలు నలుగురే. వారి చేత మరికొందరికి నేర్పించగా, ఆ సంఖ్య నూరుకు చేరింది. కొలతకు 33 అడుగుల గొలుసు వాడారు. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు గల చదరాలు 40 కలిస్తే ఒక ఎకరా. మెట్ట, మాగాణి, తోట అని భూములను విడదీసి, నేల సారాన్ని బట్టి తరగతులు కట్టి, శిస్తు నిర్ణయించారు. ఏ చేను ఎవరిది, ఎంత విస్తీర్ణం, ఎంత శిస్తు అన్నది సర్కారు దస్త్రంలోకి ఎక్కింది. రెండెకరాల కొర్ర చేను ఉన్న రైతు పేరు కూడా అందులో చేరింది.

అదే కాలంలో ఉత్తర సర్కారు జిల్లాల్లో కుంపిణీ జమీందారీలను ఖాయం చేసింది. అక్కడి రైతులు జమీందారుల కింద నలిగారు. ఆ జమీందారీలను తొలగించే చట్టం 1948లో గాని రాలేదు. దత్తమండలాల రైతుకు ఆ బాధ చాలావరకు తప్పింది.

బరువైన శిస్తు

అయితే శిస్తు మాత్రం తేలికగా లేదు. పండిన పంటలో సుమారు నూటికి 45 వంతులు సర్కారుకే పోతున్నట్టు మన్రోయే లెక్క కట్టారు. ఎవరైనా కట్టలేకపోతే, నూటికి 10 వంతుల వరకు ఊరిలోని తక్కిన రైతులు భరించవలసి వచ్చేది. వానలు లేని ఏడాది ఈ బరువు ఎంతటిదో సీమ రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

తోట భూముల కష్టం మరొక రకం. రైతు సొంత డబ్బుతో బావి తవ్వించి, ఎద్దులు కొని, కపిల తోలి, మిరప, ఉల్లి, కూరగాయలు పండిస్తే, తోట అన్న పేరుతో ఆ భూమికి శిస్తు హెచ్చేది. చెమటోడ్చి నీళ్లు పైకి తెచ్చిన వాడికే భారం ఎక్కువయ్యేది.

ఈ సంగతి గ్రహించిన మన్రో 1807లో, ఇంగ్లండుకు బయలుదేరే ముందు, ప్రభుత్వానికి ఒక ప్రతిపాదన పంపారు. అన్ని భూముల మీదా శిస్తు నూటికి 25 వంతులు తగ్గించాలని కోరారు. బావుల కింద, ఏరు, వాగుల నుంచి తోడిపోసుకునే నీటి కింద సాగయ్యే భూములకు, వాటి మరమ్మతు రైతే చూసుకునే పక్షంలో, 33 వంతులు తగ్గించాలన్నారు. శిస్తు కట్టినంత కాలం భూమికి రైతే యజమాని అని, దానిని అమ్ముకునే హక్కు కూడా అతనికి ఉండాలని ప్రతిపాదించారు.

రాబడి తగ్గుతుందని మద్రాసు ప్రభుత్వం ఒప్పుకోలేదు. పైగా ఊళ్లను మొదట 3 ఏళ్లకు, ఆ తరువాత 10 ఏళ్లకు గుత్తకు ఇచ్చింది. గుత్తదారులు రైతులను పిండుకున్నారు. తీరా గుత్త సొమ్ము కట్టలేక వారిలోనూ చాలామంది చితికిపోయారు. ఇంగ్లండులో ఉన్న మన్రో అక్కడి పెద్దల వద్ద రైతువారీ పద్ధతి కోసం గట్టిగా వాదించారు.

గవర్నరుగా

1820లో ఆయన మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చారు. రైతువారీ పద్ధతి మళ్లీ అమలులోకి వచ్చింది. 1807లో తాను అడిగిన తగ్గింపును ఆయన హయాంలోనే దత్తమండలాల రైతులు అందుకున్నారు. పదమూడేళ్లకు పైగా ఆలస్యమైనా, బావి తవ్వుకున్న రైతుకు ఆ 33 వంతుల తగ్గింపు పెద్ద ఊరట.

పట్టా చేతికి వచ్చినంత మాత్రాన కరువు పోలేదన్నదీ నిజమే. 1876-78 నాటి మహాకరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చిపెట్టింది. పట్టా లేని కూలీకి రైతువారీ వల్ల భూమి దక్కలేదు. అయినా ఇది నా చేను అని కాగితం చూపించి చెప్పుకునే ధైర్యం చిన్న రైతుకు వచ్చింది.

మన్రో పదవి వదిలి స్వదేశం వెళ్లాలనుకున్నా, 1824లో బర్మా యుద్ధం రావడంతో ఆగిపోయారు. 1827లో దత్తమండలాలను చివరిసారి చూడాలని బయలుదేరారు. దారిలో డేరాల్లో కలరా సోకింది. గుత్తి దాటి పత్తికొండ చేరిన మన్రోకు కూడా అది తగిలి, జూలై 6న అక్కడే కన్నుమూశారు. గుత్తిలో ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ఆయన గుర్రపు విగ్రహాన్ని 1839లో మద్రాసులో నెలకొల్పారు.

సీమలో ఆయన పేర కథలూ పుట్టాయి. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం నుంచి ఆయనతో మాట్లాడారని భక్తులు చెప్పుకుంటారు. పాపఘ్ని ఒడ్డున గండి వద్ద, కొండల నడుమ బంగారు తోరణం ఆయన కంటికి కనిపించిందని కడప వైపు వారు చెబుతారు.

ఆయన కన్నుమూసిన పత్తికొండలో ప్రభుత్వం చెట్ల తోపు నాటించి, రాతి మెట్ల బావి తవ్వించింది. బావి కింద సాగుచేసే రైతు కోసం వాదించిన మనిషికి అది తగిన గుర్తే. ఇటువంటి గుర్తులను కాపాడుకోవడం, వాటి వెనుక కథను పిల్లలకు చెప్పడం సీమ రైతుల బాధ్యత.