మదనపల్లె దగ్గు, భీమవరం డాక్టరు

ఏటీపీ అనే మూడక్షరాలు తెలియని బయోటెక్ స్టూడెంట్ మన కాలేజీలో ఉండరు. నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. కానీ దాన్ని మొదట కనిపెట్టిన కొద్దిమందిలో ఒకాయన భీమవరంలో పుట్టిన తెలుగువాడంటే మాత్రం సగంమంది నమ్మరు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను మళ్లీ రాయడానికి కారణం ఒక్కటే, మా ఇంట్లో ఉన్న ఉబ్బసం.

మాది చాంద్రాయణగుట్ట. చౌరస్తా దుమ్ము, బండ్ల పొగ, చలికాలం వస్తే పొద్దున్నే పొగమంచు. మా అమ్మకి చాలా ఏళ్లుగా ఆస్తమా ఉంది. పాతబస్తీలో ఈ జబ్బు పేరెత్తితే దూద్‌బౌలి చేప మందు దగ్గర్నుంచి కషాయాల దాకా తలా ఒకటి చెప్తారు. ఈ మధ్య చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఇంకోటి మొదలైంది. యాంటీఆక్సిడెంట్ పొడి తాగితే ఇన్‌హేలర్ మానేయొచ్చట. అమ్మ సగం నమ్మేసింది. ఆమెకి ఏం చెప్పాలా అని వెతుకుతుంటే సుబ్బారావు గారి జీవితం కనబడింది.

1895 జనవరి 12న పుట్టారాయన. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. మొదట్లో చదువు మీద మనసు లేదు. పదమూడేళ్ల వయసులో ఇంట్లోంచి పారిపోయి కాశీలో యాత్రికులకి అరటిపళ్లు అమ్ముకుందామని బయల్దేరితే తల్లి వెనక్కి పట్టుకొచ్చింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. బ్యాక్‌లాగ్‌లున్న మిత్రులు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం పుచ్చుకుందామనుకున్నారు. అమ్మ ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అక్కడ గాంధీగారి పిలుపు విని ఖద్దరు వేసుకోవడం సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి నచ్చలేదు. ఫలితంగా ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ చేతికొచ్చింది.

ఇంట్లో అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలోనే పోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి కళ్లముందే ఎండిపోతాడు. అప్పట్లో దానికి మందు లేదు.

కొన్నాళ్లు మద్రాసు ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పారు. తర్వాత కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారి డబ్బు కలుపుకుని 1920ల మొదట్లో అమెరికా ఓడెక్కారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన మళ్లీ తిరిగి రాలేదు. బోస్టన్‌లో హార్వర్డ్ చదువుకి డబ్బు చాలక ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేశారు. అది డాక్టరు డ్యూటీ కాదు, రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని.

అక్కడే సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర చేరి 1925లో ఒక పద్ధతి ప్రచురించారు. రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి అది. నమూనాలోని ఫాస్ఫేట్‌ని ఆమ్లంలో మాలిబ్డేట్‌తో కలుపుతారు. దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చే ఒక రసాయనం చేరిస్తే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ అన్నమాట. ఈ నీలి రంగు పట్టుకునే వాళ్లిద్దరూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని కండరం నుంచి బయటికి తీశారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా ఏటీపీ దాకా వచ్చాడు. మన శ్వాసనాళాల్లో దుమ్ముని పైకి నెట్టే సన్నటి నూగు కదలాలన్నా ఆ ఏటీపీయే కావాలి.

ఇక్కడే నాకు మా అమ్మ పొడి గుర్తొచ్చింది. ఇప్పుడు ఉసిరి, పసుపు లాంటి వాటి యాంటీఆక్సిడెంట్ బలాన్ని కొలిచే పరీక్షల్లో మాలిబ్డేట్‌తో చేసేది ఒకటుంది. ఆ కెమిస్ట్రీ దీనికి చుట్టమే. సుబ్బారావు గారు ఫాస్ఫేట్‌ని కొలిచారు. ఈ పరీక్షలో ఎలక్ట్రాన్లు ఇచ్చేదాన్ని కొలుస్తారు. ట్యూబులో రంగు బాగా వస్తే ప్యాకెట్ మీద యాంటీఆక్సిడెంట్ అని రాసుకోవచ్చు. కానీ ట్యూబు వేరు, ఊపిరితిత్తి వేరు.

హార్వర్డ్‌లో ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లే ల్యాబ్‌కి వెళ్లారు. 1945కల్లా ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములని తీసుకుపోయిన స్ప్రూకి అది మందయింది. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందులూ అక్కడే తయారయ్యాయి. క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయన ఆధ్వర్యంలోనే వచ్చింది.

నన్ను పట్టేసింది మాత్రం 1947లో వచ్చిన మందు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్లిన అమెరికా సైనికులకి ఫైలేరియా సోకింది. దానికోసం వెతికితే దొరికింది డైఇథైల్ కార్బమజైన్, డీఈసీ. బోదకాలు రాకుండా సర్కారువాళ్లు ఇంటింటికీ తిరిగి ఇచ్చే మాత్ర అదే.

దానికీ ఉబ్బసానికీ ఏంటి సంబంధం? 1940లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో ఫ్రిమోట్ మొల్లర్, బార్టన్ అనే డాక్టర్లు ఒక వింత గమనించారు. క్షయ అనుకున్న కొందరిలో ఆ క్రిములు లేవు. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు మాత్రం విపరీతంగా ఉన్నాయి. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరు పెట్టాడు. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు, ఆయాసం. చూస్తే అచ్చం ఆస్తమాయే. అసలు కారణం ఫైలేరియా పురుగు పిల్లల మీద శరీరం చేసే అతి యుద్ధమని తర్వాత తేలింది. దీనికి ఇచ్చే మందు మూడు వారాల డీఈసీ. తెలుగునేల మీద కనబడిన జబ్బుకి తెలుగాయన ల్యాబ్ నుంచి మందొచ్చింది. వదిలేస్తే ఊపిరితిత్తుల్లో మచ్చలు కడతాయి. పట్టుకోవాలంటే మొదటి మెట్టు మామూలు రక్తపరీక్షే. మైక్రోలీటరుకి ఇసినోఫిల్స్ 500 లోపు ఉండాలి. ఈ జబ్బులో 3000 దాటిపోతాయి.

ఆస్తమాలోనూ చాలామందికి ఈ ఇసినోఫిల్సే శ్వాసనాళాల గోడల్లో చేరి సూపర్ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి వదుల్తాయి. ఇనుముని తుప్పు తిన్నట్టు అవి లోపలి పొరని తింటాయి. గొట్టం వాచి ఇరుకవుతుంది. వాటిని ఆర్పడానికి ఒంట్లో గ్లూటాథయోన్ లాంటి సొంత యాంటీఆక్సిడెంట్లున్నాయి. మంట పెరిగితే అవి చాలవు. కాబట్టి వాట్సాప్ మెసేజ్‌లో ఒక నిజం లేకపోలేదు. కానీ బయటి నుంచి విటమిన్ సి, ఇ మాత్రలిచ్చి చూసిన పరీక్షల్లో ఇన్‌హేలర్‌ని పక్కనపెట్టేంత ఫలితం రాలేదు. ఇన్‌హేలర్‌లోని స్టెరాయిడ్ ఆ కణాల గుంపునే తగ్గిస్తుంది. పొడి మహా అయితే అవి పెట్టిన మంట మీద నీళ్లు చల్లుతుంది, అదీ అక్కడిదాకా చేరితే.

ఇదంతా అమ్మకి కాగితం మీద బొమ్మలేసి చెప్పాను. ఉసిరికాయ తిను, ఇన్‌హేలర్ మానొద్దు, ఈసారి చెకప్‌లో ఇసినోఫిల్ కౌంట్ అడుగుదాం అన్నాను. సరే అంది. పొడి డబ్బా ఇంకా వంటింట్లోనే ఉంది. ఇన్‌హేలర్ మాత్రం రోజూ వాడుతోంది.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. తన పేరు ముందుకి తోసుకునే అలవాటు లేదు, అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. మన దేశం ఆయన పేరిట స్టాంపు వేసింది 1995లో, శతజయంతికి. అన్నదమ్ముల చావు చూసిన మనిషి ఏ చిట్కానో నమ్మి ఊరుకుని ఉండొచ్చు. ఆయన మాత్రం ముందు కొలవడం నేర్చుకున్నారు, మందు తర్వాత వచ్చింది. మీ ఇంట్లో ఎవరైనా రాత్రిళ్లు ఆగకుండా దగ్గుతుంటే, ఫార్వర్డ్ మెసేజ్ చదివే ముందు ఒక రక్తపరీక్ష చేయించండి.