హైన్రిక్ హెర్ట్జ్

ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యేటప్పుడు ఇన్ని కిలోహెర్ట్జ్‌లపై వింటున్నారని చెప్పడం మీరు విని ఉంటారు. ఆ మాటలో ఒక శాస్త్రవేత్త పేరు దాగి ఉన్నది.

హైన్రిక్ హెర్ట్జ్ 1857 ఫిబ్రవరి 22న జర్మనీలోని హాంబర్గు నగరంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. హెర్ట్జ్‌కు చిన్ననాటి నుండే చేతిపనులంటే ఇష్టం. ఇంజనీరు కావాలని చదువు ప్రారంభించి, తరువాత భౌతికశాస్త్రం వైపు మళ్ళాడు. బెర్లిన్‌లో హెల్మ్‌హోల్ట్జ్ వద్ద చదివి 1880లో డాక్టరేటు పొందాడు. 1885లో కార్ల్‌స్రూహె సాంకేతిక కళాశాలలో ఆచార్యుడయ్యాడు.

కాంతివలె వేగంగా పోయే విద్యుత్తరంగాలు ఉండాలని మాక్స్‌వెల్ అంతకుముందే గణితంతో చూపాడు. కాని వాటిని పుట్టించి చూపినవారు లేరు. హెర్ట్జ్ ఒక తిన్నని లోహపు తీగను మధ్యలో కొద్దిగా తెంచి, ఆ సందులో నిప్పురవ్వలు పుట్టించాడు. సన్నని సందుగల మరొక తీగ చుట్టను చేతబట్టుకొని, చీకటి చేసిన ఉపన్యాసశాలలో చోటుచోటుకూ తిరిగాడు. తరంగం తగిలినచోట చుట్టలోనూ చిన్న రవ్వ మెరిసేది. తీగ చాచిన దిక్కున నాలుగు మీటర్లకే రవ్వ దాదాపు కనిపించకుండా పోయింది. దానికి అడ్డంగా ఉన్న దిక్కున పన్నెండు మీటర్లు దాటినా కనిపించింది. ఏరియల్ అన్ని దిక్కులకూ సమానంగా ప్రసరించదని ఆ చిన్న రవ్వే తెలిపింది.

ఇక తరంగవేగాన్ని కొలవాలి. 1887 చివరలో చేసిన మొదటి ప్రయత్నాలు ఫలించక, నిరాశతో కొన్ని వారాలు ప్రయోగాలే మానివేశాడు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఒక వింత కనిపించింది. దూరం పెరిగేకొద్దీ తగ్గవలసిన రవ్వ, గోడ సమీపంలో కొన్నిచోట్ల బలపడింది. తరంగం గోడకు తగిలి వెనుకకు వస్తున్నదన్నమాట! లోహపు బీరువా దగ్గర ట్రాన్సిస్టరును అటూ ఇటూ జరిపితే ధ్వని మారడం మీరూ గమనించవచ్చు.

1888లో ఆయన గోడకు నాలుగు మీటర్ల ఎత్తు, రెండు మీటర్ల వెడల్పు గల జింకు రేకు తాపించాడు. వేలాడే గ్యాసు దీపాలను తీయించాడు. పోయే తరంగమూ తిరిగివచ్చే తరంగమూ కలిసి, రవ్వ ఆగిపోయే చోట్లు వరుసగా ఏర్పడ్డాయి. రెండు చోట్ల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో సగం.

అయితే సాయం చేసిన గోడలే మోసమూ చేశాయి. శాల వెడల్పు 14 మీటర్లు. ఇరువైపుల ఇనుప స్తంభాలూ తరంగాలను తిప్పికొట్టడం వల్ల పనికివచ్చినది ఎనిమిదిన్నర మీటర్లే. తరంగం పొడవు మాత్రం తొమ్మిది మీటర్లకు పైమాటే! తీగలో తరంగవేగం గాలిలోకంటే చాలా తక్కువని లెక్క తేలింది. మాక్స్‌వెల్ ప్రకారం రెండూ సమానం. హెర్ట్జ్ తాను కొలిచినదే ప్రకటించాడు. 1893లో జెనీవాలో సరాజిన్, ద లా రీవ్ అనేవారు పెద్ద శాలలో కొలవగా రెండు వేగాలూ సమానమని తేలింది. ఆ పొరపాటుకు గోడల ప్రతిఫలనం కారణం కావచ్చునని హెర్ట్జ్ 1892లో ప్రచురించిన తన గ్రంథపు పీఠికలోనే దాచకుండా వ్రాసుకున్నాడు. నేడు ఏరియళ్ళను పరీక్షించే గదుల గోడలకు తరంగాలను పీల్చుకొనే మొనలుదేరిన దిమ్మెలు అమర్చేది ఈ చిక్కు రాకుండా ఉండడానికే.

శాలను పెద్దది చేయడం హెర్ట్జ్ చేతిలో లేదు; తరంగాన్ని చిన్నది చేయగలిగాడు. 1888 చివరకు సుమారు 66 సెంటీమీటర్ల తరంగాలను సాధించి, జింకు దర్పణాలతో వాటిని కాంతికిరణంవలె ఒకే దిక్కుకు పంపాడు. తారుతో పోతపోసిన పెద్ద పట్టకంలో వంచి చూపాడు.

1889లో బాన్ నగరానికి మారాడు. 1892 నుండి వ్యాధి పీడించగా, 1894 జనవరి 1న, ముప్పైయేడు నిండకుండానే కన్నుమూశాడు. ఈ తరంగాలతో మార్కోనీ వార్తలు పంపడం ఆయన చూడలేదు. 1930లో పౌనఃపున్యపు ప్రమాణానికి హెర్ట్జ్ అని పేరు పెట్టారు.