సముద్రం దగ్గర పొరబడిన గెలీలియో

మీ పిల్లలు ఏదో ఒకనాడు స్కూలు నుండి వచ్చి, భూమి తిరుగుతోందని చెప్పినందుకు గెలీలియోను శ్రీసభ శిక్షించిందట, నిజమేనా అని మిమ్మల్ని అడిగే ఉంటారు. నిజమే. దాచవలసిన పని లేదు. అయితే ఆ చరిత్రలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. భూమి తిరుగుతోందని నిరూపించడానికి ఆయన అన్నిటికంటే ఎక్కువగా నమ్ముకున్నది సముద్రపు ఆటుపోట్లను. ఆ రుజువు తప్పు. ఆయన చెప్పిన మాట మాత్రం సత్యం. ఈ వారం ఆయన జీవితాన్ని ఆ వైపు నుండి చూద్దాం.

గెలీలియో 1564 ఫిబ్రవరి 15న ఇటలీ దేశంలోని పీసా నగరంలో జన్మించారు. తండ్రి విన్సెంజో సంగీత విద్వాంసుడు. కుమారుణ్ణి డాక్టరు చేయాలని ఆయన ఆశ. కాని కుర్రవాడి మనసు లెక్కల మీదికి పోయింది. 1585లో పట్టా పుచ్చుకోకుండానే చదువు వదిలేశారు. అయినా నాలుగేళ్ళు తిరిగేసరికి అదే పీసా విశ్వవిద్యాలయంలో గణితం బోధించే ఉద్యోగం వచ్చింది. 1592 నుండి 18 సంవత్సరాలు పాదువా నగరంలో పనిచేశారు. పాదువాకు దగ్గరలోనే నీటి మీద కట్టిన వెనిస్ నగరం ఉంది. మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల ఆటుపోట్లు అంతగా కనిపించవు. వెనిస్‌లో మాత్రం నీరు లేచి దిగడం అందరి కళ్ళకూ తెలుస్తుంది.

1609లో దూరదర్శిని వార్త ఆయన చెవిన పడింది. తానే ఒకటి తయారుచేసుకుని ఆకాశం వైపు తిప్పారు. నున్నని బంతి అనుకున్న చంద్రుని మీద కొండలు, లోయలు కనిపించాయి. 1610 జనవరిలో గురు గ్రహం చుట్టూ తిరిగే నాలుగు చంద్రులు కనిపించాయి. మరుసటి ఏడు రోమునగరంలోని యేసుసభ గణిత పండితులు కూడా తమ దూరదర్శినితో చూసి నిజమేనన్నారు, ఆయనను సన్మానించారు. గెలీలియోకు, శ్రీసభకు మొదటినుంచీ వైరమనుకోవడం సరికాదు.

చిక్కు వచ్చింది మరోచోట. సూర్యుని చుట్టూ భూమి తిరుగుతోందని, పోలెండులో ఒక కతీడ్రల్ సేవలో ఉన్న కోపర్నికస్ 1543లోనే రాశారు. గెలీలియో ఆ మాటను బలపరచారు. యెహోషువ కాలంలో సూర్యుడు నిలిచిపోయాడని పరిశుద్ధ గ్రంథం చెబుతుంటే, తిరిగేది భూమి ఎలా అవుతుందని పండితులు అడిగారు. ఆనాటి గొప్ప దైవశాస్త్ర పండితుడు కార్డినల్ రాబర్ట్ బెల్లర్మీన్. ఈనాడు మనం పునీతునిగా గౌరవిస్తున్నాం. భూమి తిరుగుతోందనడానికి నిజమైన రుజువు దొరికితే ఆ వాక్యాలను ఎంతో జాగ్రత్తగా తిరిగి అర్థం చేసుకోవలసి ఉంటుందని, అయితే అటువంటి రుజువు తన దృష్టికి రాలేదని ఆయన 1615లో ఒక లేఖలో రాశారు.

అంటే అందరికీ కావలసింది రుజువు. గెలీలియో దాని కోసం సముద్రం వైపు తిరిగారు.

వెనిస్ నగరానికి మంచినీళ్ళు పడవల మీద వచ్చేవి. పడవ వేగం పెరిగినా, తగ్గినా లోపలి నీళ్ళు ఒక కొస నుండి మరో కొసకు ఎగదన్నుతాయి. బిందె పట్టుకుని నడిచే ప్రతి ఇల్లాలికీ ఇది అనుభవమే. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ, సూర్యుని చుట్టూ కూడా తిరుగుతుంది. ఒకవైపు ఈ రెండు వేగాలూ కలుస్తాయి, మరోవైపు ఒకదానిలోనుండి మరొకటి తీసివేయబడుతుంది. ఆ హెచ్చుతగ్గుల వల్లనే సముద్రం పడవలోని నీళ్ళలా ఊగుతోందని, భూమి కదలకపోతే ఆటుపోట్లే ఉండవని ఆయన వాదించారు. 1616 జనవరి 8న ఈ వాదమంతా రాసి కార్డినల్ ఓర్సీనికి సమర్పించారు.

లోపం ఎక్కడుంది? ఈ లెక్క ప్రకారం రోజుకు ఒక్క పోటే రావాలి. వచ్చేవి రెండు. ఆ సంగతి గెలీలియోకు తెలుసు. అయినా సముద్రాల పొడవును, లోతును కారణంగా చెప్పి సర్దుకున్నారు. చంద్రుడే సముద్రాన్ని ఆకర్షిస్తున్నాడని జర్మనీ దేశపు కెప్లర్ 1609లోనే రాసి ఉన్నారు. అంత దూరాన ఉన్న చంద్రుడు కంటికి కనబడని శక్తితో నీటిని లాగడమా, ఇది జ్యోతిష్యం వంటి మాట అని గెలీలియో కొట్టిపారేశారు. చంద్రుని కొండలను లోకానికి చూపించిన మనిషే, సముద్రం దగ్గరికి వచ్చేసరికి చంద్రుణ్ణి లెక్కచేయలేదు!

అసలు కారణాన్ని 1687లో న్యూటన్ తేల్చారు. చంద్రుని ఆకర్షణ దగ్గరి వాటి మీద ఎక్కువ, దూరపు వాటి మీద తక్కువ. చంద్రునికి ఎదురుగా ఉన్న నీటిని ఆయన భూమికంటె ఎక్కువగా లాగుతాడు, అక్కడ నీరు పొంగుతుంది. అవతలి వైపు నీటి మీద లాగుడు భూమి మీదికంటె తక్కువ, కనుక అది వెనుకబడి అక్కడా పొంగుతుంది. భూమి తిరిగే కొద్దీ ఒక్కొక్క తీరం ఈ రెండు పొంగుల కిందికీ వస్తుంది. అందుకే చాలా తీరాలలో రోజుకు రెండు పోట్లు. ఈలోగా చంద్రుడూ ముందుకు జరుగుతాడు కనుక పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. సూర్యుడు ఎంతో పెద్దవాడైనా ఎంతో దూరాన ఉన్నాడు. ఆయన ప్రభావం చంద్రుని ప్రభావంలో సగానికి కొంచెం తక్కువే. అమావాస్యకు, పున్నమికి ఇద్దరి లాగుడూ ఒకే వరుసలోకి వస్తుంది, పోటు పెద్దదవుతుంది. సగం చంద్రుడు కనిపించే రోజుల్లో ఇద్దరూ చెరోవైపు లాగుతారు, పోటు తగ్గుతుంది. కోస్తా విచారణల్లోని మన బెస్త కుటుంబాలకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇక గెలీలియో దగ్గరికి వద్దాం. 1616లో శ్రీసభ కోపర్నికస్ గ్రంథాన్ని నిలిపివేసి, ఆ సిద్ధాంతాన్ని సమర్థించవద్దని గెలీలియోను హెచ్చరించింది. ఆయన చాలా ఏళ్ళు ఊరుకున్నారు. 1623లో ఆయన మీద అభిమానమున్న కార్డినల్ బర్బెరీని ఎనిమిదవ ఉర్బన్ పోపుగారు అయ్యేసరికి ధైర్యం వచ్చింది. 1632లో ఒక పెద్ద సంవాద గ్రంథం ప్రచురించారు. దానికి ఆటుపోట్ల పేరే పెట్టాలనుకున్నారు, రోములో వద్దన్నారు. అయినా గ్రంథంలో ఆఖరి భాగం ఆటుపోట్లదే. 1633 జూన్ 22న మతవిచారణ న్యాయస్థానం ఆయనను దోషిగా ప్రకటించింది. 69 ఏళ్ళ వృద్ధుడు మోకాళ్ళ మీద నిలబడి తన మాటను వదులుకోవలసి వచ్చింది. ఆయనను కాల్చలేదు, చెరసాల చీకటి గదిలోనూ వేయలేదు. కాని చివరివరకు గృహనిర్బంధంలోనే ఉంచారు. అదీ తక్కువ శిక్ష కాదు.

ఆయన పెద్ద కుమార్తె మరియా చెలెస్తే కన్యస్త్రీ. వారానికొకసారి ఏడు పశ్చాత్తాప కీర్తనలు చెప్పాలని తండ్రికి వేసిన ప్రాయశ్చిత్తాన్ని ఆమె తన మీద వేసుకున్నారు. తండ్రి ఆర్చెత్రిలోని ఇంటికి తిరిగి వచ్చిన కొద్ది నెలలకే, 1634 ఏప్రిల్‌లో ఆమె కన్నుమూశారు. తరువాత ఆయనకు చూపు మెల్లగా పోతూ వచ్చింది. అయినా చలనం గురించి గొప్ప గ్రంథం పూర్తిచేశారు. అది 1638లో హాలెండు దేశంలో అచ్చయింది. 1642 జనవరి 8న మరణించారు. తన వాదం రాసి కార్డినల్‌కు ఇచ్చి ఆనాటికి సరిగ్గా 26 సంవత్సరాలు.

ప్రియ పాఠకులారా, రుజువు తప్పయినంత మాత్రాన చెప్పిన మాట తప్పు కాదని తర్కశాస్త్రం మాకు సెమినరీలో నేర్పింది. గెలీలియో విషయంలో అదే జరిగింది. ఆయన తన రుజువును మితిమీరి ప్రేమించి, ఎదుటివాడి మాట వినలేదు. న్యాయమూర్తులు తమ వ్యాఖ్యానాన్ని దేవుని వాక్యమే అనుకుని, ఆయన మాట వినలేదు. ఒకరి పొరపాటు కాగితం మీద నిలిచింది. మరొకరిది ఒక ముసలి తండ్రిని ఇంట్లో బంధించింది. రెండూ సమానమని నేను చెప్పను. అధికారం చేతిలో ఉన్నవారి పొరపాటు ఎప్పుడూ బరువైనదే.

1835లో ఆయన గ్రంథం నిషిద్ధ గ్రంథాల జాబితాలోనుండి తొలగింది. 1992 అక్టోబరు 31న పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు, ఆనాటి దైవశాస్త్ర పండితులు పొరబడ్డారని బహిరంగంగా అంగీకరించారు. తప్పు ఒప్పుకుంటే విశ్వాసం తరిగిపోదు. కాబట్టి మీ పిల్లలు ఆ ప్రశ్న అడిగినప్పుడు కసరకండి. ఇద్దరూ ఎక్కడ పొరబడ్డారో కూర్చోబెట్టి చెప్పండి. పున్నమినాడు తీరానికి తీసుకువెళ్ళగలిగితే, నీటిని, చంద్రుణ్ణి కలిపి చూపించండి.