గ్రాఫ్ పేపర్ వెనుక ఉన్న మనిషి



మీ పిల్లల బ్యాగులో గ్రాఫ్ పుస్తకం చూసే ఉంటారు. (3, 5) బిందువును గుర్తించాలంటే సున్నా దగ్గర మొదలుపెట్టి ముందు కుడికి 3 గడులు, తర్వాత పైకి 5 గడులు వెళ్లాలి. మీ బాబో పాపో ముందే పైకి వెళ్లిపోయి (5, 3) దగ్గర చుక్క పెడితే, ఇంత చిన్న విషయం కూడా రాలేదా అని మీకు అనిపించవచ్చు. ఈసారి అలా అనిపిస్తే, ఈ పద్ధతి ఎవరి పేరు మీద నడుస్తోందో ఆయన కథ ఒకసారి గుర్తు చేసుకోండి.

ఆయన రెనె డెకార్ట్. 1596 మార్చి 31న ఫ్రాన్స్‌లోని లా హే అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరి పేరే డెకార్ట్. ఏడాది దాటిన కొద్ది రోజులకే తల్లి చనిపోవడంతో అమ్మమ్మ దగ్గర పెరిగారు. చిన్నప్పటి నుంచీ ఆరోగ్యం అంతంతమాత్రం. తర్వాత లా ఫ్లెష్ అనే ఊళ్లో జెస్యూట్ ఫాదర్ల హాస్టల్ స్కూల్లో వేశారు. అక్కడి పెద్దలు ఈ పిల్లాడి ఒంటి తీరు చూసి, పొద్దున మిగతావాళ్లతో పాటు లేవనక్కర్లేదని వదిలేశారు. మంచం మీదే ఆలోచించుకోవడం అలా అలవాటై, జీవితమంతా ఉండిపోయింది.

సీలింగ్ మీద ఈగ తిరుగుతుంటే, అది ఎక్కడుందో చెప్పడానికి రెండు గోడల నుంచి దూరం చాలని ఆయనకు తట్టిందనే కథ మీరు వినే ఉంటారు. నేనూ క్లాసులో చెబుతుంటాను, పిల్లలకు భలే నచ్చుతుంది. కానీ దానికి గట్టి ఆధారం లేదు. కథ అని చెప్పే చెబుతున్నాను లెండి.

ఆయన లా చదివారు, కానీ ప్రాక్టీసు చేయలేదు. 1618లో హాలండ్ వెళ్లి సైన్యంలో చేరారు. అక్కడ బ్రేడా పట్టణంలో ఐజాక్ బేక్‌మన్ అనే పండితుడు పరిచయమై, మళ్లీ లెక్కల వైపు మళ్లించాడు. 1628 నుంచి దాదాపు 20 ఏళ్లు హాలండ్‌లోనే, తరచూ ఇళ్లు మారుస్తూ గడిపారు.

1637లో వచ్చిన ఆయన పుస్తకం చివర జ్యామితి మీద ఒక భాగం ఉంది. అప్పటిదాకా బొమ్మల లెక్కలు వేరు, అక్షరాల లెక్కలు వేరు. ఆ రెండూ ఒకటేనని ఆయన చూపించారు. మీ ఇంట్లో గ్రాఫ్ పుస్తకం తీసి (1, 3), (2, 4), (3, 5) చుక్కలు పెట్టి కలపండి, తిన్నని గీత వస్తుంది. ప్రతి చుక్కలోనూ రెండో సంఖ్య మొదటిదానికంటే 2 ఎక్కువ. ఆ ఒక్క వాక్యమే ఆ గీత మొత్తం. ఫ్రాన్స్‌లోనే ఉన్న ఫెర్మా కూడా దాదాపు అదే సమయంలో ఈ ఆలోచనకు సొంతంగా వచ్చాడు. పేరు మాత్రం డెకార్ట్‌కే దక్కింది. కార్టీజియన్ అన్న మాట ఆయన లాటిన్ పేరు నుంచి వచ్చిందే.

అయితే ఆ పుస్తకం తెరిస్తే మన గడుల కాగితం కనిపించదు! అడ్డం, నిలువు అక్షాలు రెండూ గీసి చూపడం ఉండదు. మైనస్‌లో వచ్చే జవాబులను ఆయన అబద్ధపు జవాబులనే పిలిచారు. పైగా చాలా మెట్లు కావాలనే వదిలేశారు, చదివేవాళ్లే కనుక్కోవాలని. టీచర్‌గా నేనైతే ఈ ఒక్క విషయంలో ఆయనకు మార్కులు వేయను.

ఆయనకు ఒక కూతురు, ఫ్రాన్సీన్. 1635లో పుట్టింది, అయిదేళ్లకే స్కార్లెట్ ఫీవర్‌తో చనిపోయింది.

1649లో స్వీడన్ రాణి క్రిస్టీనా పిలుపు మీద స్టాక్‌హోమ్ వెళ్లారు. రాణిగారు పాఠానికి పెట్టిన టైము తెల్లవారుజామున 5 గంటలు. అదీ స్వీడన్ చలికాలంలో. జీవితమంతా పొద్దెక్కాక లేచిన మనిషికి 53 ఏళ్ల వయసులో ఆ కొత్త టైమ్‌టేబుల్ పడలేదు. న్యుమోనియా వచ్చి 1650 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. పరీక్షల నెలలో మనం పిల్లలకు పెట్టే అలారం టైము కూడా అదే కాబట్టి, ఈ భాగం చదివినప్పుడల్లా నాకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

ఆయన స్వీడన్ వెళ్లిన ఏడాదే, లైడెన్‌లో లెక్కలు చెప్పే వాన్ స్కూటెన్ ఆ జ్యామితిని లాటిన్‌లోకి మార్చి, వదిలేసిన మెట్లకు వివరణలు చేర్చి అచ్చు వేయించారు. తర్వాత వచ్చిన ఆ లాటిన్ పుస్తకాన్నే కేంబ్రిడ్జిలో ఒక కుర్రాడు పట్టుకున్నాడు. కొన్ని పేజీలు చదివి, అర్థంకాక ఆగి, మళ్లీ మొదటి పేజీకి వచ్చేవాడట. ఈసారి ఇంకొంచెం ముందుకు వెళ్లి ఆగేవాడు, మళ్లీ మొదటికి. ఆ కుర్రాడే న్యూటన్. మైనస్ వైపును కూడా కలుపుకుని నాలుగు పాదాల్లోనూ జంకు లేకుండా గ్రాఫులు గీసింది ఆయనే.