చెరువు శిఖం, చలికాలపు చుట్టాలు – సలీం అలీ

మన విద్యార్థి సంఘం సంచికల్లో జీవిత చరిత్ర అంటే చాలావరకు ఒక నాయకుడిదో, కవిదో, పోరాట వీరుడిదో ఉంటుంది. అది సబబే. అయితే ఈసారి నేను ఒక పిట్టల మనిషి గురించి రాయదలచుకున్నాను. పిట్టలేంది, చరిత్రేంది అని మిత్రులు కొందరు నవ్వారు కూడా. నవ్వితే నవ్వనివ్వండి. డిగ్రీ లేదని ఒక ఉద్యోగం రాక, వచ్చిన ఇంకొక ఉద్యోగం కాస్తా ఊడిపోయి, ఆ తరువాత మన అమ్రాబాద్ గుట్టల్లో పిట్టల లెక్క రాసుకుంటూ తిరిగిన ఆ మనిషి పేరు సలీం అలీ. ఆయన బతుకులో మన చెరువులకు పనికివచ్చే పాఠం ఒకటి ఉంది. అందులో సగం ఆయన నేర్పింది, సగం ఆయనకే ఎదురు తిరిగింది. రెండూ చెబుతాను.

ముందు చెరువు సంగతి. మా దేవరకొండ ప్రాంతం మెట్టసీమ. బండరాతి గుట్టలు, ఎర్ర చెలకలు, నమ్మరాని వానలు. కృష్ణ దక్షిణపు పొలిమేరలో లోతున పారుతుంది గాని ఆ నీళ్ళు మా చెలకల దాకా వాటంతట అవి ఎక్కిరావు. అందుకే మన పెద్దలు వాగులకు అడ్డంగా కట్టలు పోసి, పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేటట్టు గొలుసు చెరువులు కట్టుకున్నారు. వానాకాలంలో నిండిన నీళ్ళను యాసంగికి తూము గుండా వదులుతారు. ఎన్ని ఎకరాలకు నీళ్ళు సరిపోతాయో చూసి తైబందీ చేసుకోవడం పాత పద్ధతి. డిసెంబరు నుంచి మార్చి దాకా నీరు రోజుకింత వెనక్కి పోతుంది. పోయినకొద్దీ శిఖం బయటపడుతుంది. ఆ తడి బురదలో ఎర్రలు, నత్తలు, నీటిపురుగుల పిల్లలు లక్షలుగా ఉంటాయి. సరిగ్గా ఆ నెలల్లోనే ఉత్తరదేశాల నుంచి ఉల్లంకి పిట్టలు వచ్చి ఆ అంచు వెంబడి మేస్తాయి. రైతు తన పైరు కోసం తూము తెరిస్తే, పిట్టకు విస్తరి వేసినట్టవుతుందన్నమాట.

కొంగలు, తీతువులు మన ఊరివే. ఏడాది పొడుగునా కనబడతాయి. చలికాలపు చుట్టాలు వేరు. వుడ్ సాండ్‌పైపర్, గ్రీన్‌షాంక్, లిటిల్ స్టింట్, స్నైప్, గాడ్‌విట్ అని పుస్తకాల్లో వీటికి పేర్లున్నాయి. మన జనం చాలావాటిని కలిపి ఉల్లంకి అనేస్తారు. వీటిలో లిటిల్ స్టింట్ బరువు పాతిక గ్రాములకు అటూ ఇటూ. అంత పిట్ట, ఉత్తర ధ్రువానికి దగ్గరి మంచునేలల్లో గుడ్లు పెట్టి పిల్లల్ని లేపి, అక్కడ నేల గడ్డకట్టకముందే బయలుదేరి మన దాకా వస్తుంది. ఇవి బాతుల్లా ఈదుతూ మేసేవి కావు. నిలబడి మేసేవి. అందుచేత ఏ పిట్ట ఎంత నీటిలో మేయగలదో దాని కాళ్ళ పొడవు, ముక్కు పొడవు తేలుస్తాయి. పొట్టికాళ్ళది తడిమన్ను మీదే ఏరుకుంటుంది, పొడుగుకాళ్ళది జానెడు నీళ్ళలో దిగుతుంది. స్నైప్ ముక్కు కొసన నరాలు దట్టంగా ఉంటాయి. కంటికి కనబడని ఎర్రను అది బురదలో తడిమి పట్టుకుంటుంది. ఇన్ని జాతులు ఒకే ఒడ్డున కొట్లాట లేకుండా బతకడానికి కారణం, చెరువు ఒడ్డు ఏటవాలుగా, అంగుళం అంగుళానికి లోతు మారుతూ ఉండడమే. ఒడ్డు నిట్టనిలువుగా కోసుకుపోతే నీళ్ళెన్ని ఉన్నా వీటికి కూడు లేదు.

ఇక మన కథానాయకుడు. సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టాడు. తోబుట్టువులందరిలో చివరివాడు. మూడేళ్ళు నిండేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచాడు. చిన్నప్పుడు బొమ్మ తుపాకితో పిచ్చుకలు కొట్టడం ఆట. ఒకసారి కొట్టిన పిచ్చుక మెడ మీద పసుపు మచ్చ కనబడింది. ఇదేం పిచ్చుక అని అడగడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిలార్డ్ దొర దగ్గరకు వెళ్ళాడు. ఆయన అల్మారాలు తెరిచి, సేకరించి ఉంచిన పిట్టలన్నీ చూపించాడు. కుర్రవాడి దారి అక్కడే తిరిగింది.

అయితే దారి తిన్నగా లేదు. కాలేజీ చదువు మధ్యలో ఆగింది. బర్మాలోని తవాయ్‌కి వెళ్ళి కుటుంబం వారి గని, కలప వ్యాపారం చూశాడు. వ్యాపారం కంటే అడవిలో పిట్టలే ఎక్కువ చూశాడు. 1917లో తిరిగొచ్చి వాణిజ్యం, జంతుశాస్త్రం కొంత చదివాడు. మరుసటి ఏడు తెహమీనాతో పెళ్ళయింది. జువలాజికల్ సర్వేలో పక్షిశాస్త్ర ఉద్యోగానికి ప్రయత్నిస్తే విశ్వవిద్యాలయ పట్టా లేదని రాలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్ పని దొరికింది. రెండేళ్ళకు సెలవు పెట్టి జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో స్ట్రెసెమాన్ అనే మహాపండితుడి దగ్గర శిక్షణ పొందాడు. 1930లో ఉత్సాహంగా తిరిగొచ్చి చూస్తే, డబ్బు లేదని ఆ పోస్టే ఎత్తేశారు! ముప్పై నాలుగేళ్ళ వయసు, చేతిలో పని లేదు. కిహిమ్ అనే సముద్రపు పల్లెకు మకాం మార్చి, ఇంటి దగ్గర గిజిగాళ్ళు గూళ్ళు అల్లడం చూస్తూ కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేదు, ప్రతి గూడు సంగతీ నోటుపుస్తకంలో ఎక్కించాడు. ఆ వ్యాసమే ఆయనకు పేరు తెచ్చింది.

అప్పుడు వచ్చింది హైదరాబాదు పని. సంస్థానాల్లో పిట్టల సర్వే చేయడానికి ఆయన ఒక బేరం పెట్టాడు: నాకు జీతం అక్కరలేదు, ప్రయాణం ఖర్చు, మకాం ఖర్చు ఇస్తే చాలునని. నిజాం ప్రభుత్వం ఒప్పుకుంది. 1931-32లో హైదరాబాదు రాజ్య పక్షుల సర్వే జరిగింది. తెహమీనా కూడా ఆయన వెంట మకాముల్లో ఉండేది. మనకు డిండి అవతల ఉన్న అమ్రాబాద్ పీఠభూమిలో, చెంచుల సీమలో, మన్ననూరు, ఫరహాబాద్‌లలో ఆయన పనిచేశాడు. నాటి మహబూబ్‌నగర్ జిల్లా అది; ఇప్పుడు నాగర్‌కర్నూల్. అప్పటికి డిండి ప్రాజెక్టు లేదు, నాగార్జునసాగర్ అసలే లేదు. ఆ సర్వే ఫలితాలు 1933 నుంచి బొంబాయి సొసైటీ పత్రికలో వరుసగా అచ్చయ్యాయి. ఆ రోజుల పద్ధతి ప్రకారం నమూనాల కోసం ఆయన పిట్టల్ని తుపాకితో కొట్టాడు కూడా; దాన్ని దాచనక్కరలేదు. కాని చచ్చిన పిట్ట తోలు కొలిచి ఊరుకునే కాలంలో, అది బతికుండగా ఏం తింటుంది, ఎక్కడ మేస్తుంది, ఏ నెలలో వచ్చి ఏ నెలలో పోతుంది అని రాయడం ఆయన ప్రత్యేకత. మన ప్రాంతం పిట్టలకు చక్కటి పాత లెక్క ఒకటి ఉందంటే అది పనిలేని రోజుల్లో ఈ మనిషి చేసిన పని వల్లనే.

ఆ కాలపు సంగతే ఇంకొకటి. హ్యూ విస్లర్ అని పంజాబులో పోలీసు అధికారిగా చేసిన ఆంగ్లేయుడు భారతదేశపు పక్షుల మీద గొప్ప పుస్తకం రాశాడు. అందరికీ అదే ప్రమాణం. ఆయన రాసిన ఒక వ్యాసంలో ఒక పిట్ట గురించిన చిన్న వివరం తప్పని సలీం అలీ అచ్చులో రాశాడు. పేరూ ఊరూ లేని ఈ భారతీయుడెవడని విస్లర్‌కు మొదట కోపం వచ్చింది. తరువాత తన దగ్గరున్న నమూనాలు తీసి మళ్ళీ చూసుకున్నాడు, తప్పు ఒప్పుకున్నాడు, ప్రాణస్నేహితుడయ్యాడు. హైదరాబాదు సర్వే వ్యాసాలకు వ్యాఖ్యలు రాసింది ఆ విస్లరే. పెద్దవాడి మాట కంటే చూసి రాసుకున్న మాట పెద్దది. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ పనిపడుతుంది.

1939లో తెహమీనా చిన్న శస్త్రచికిత్స తరువాత చనిపోయింది. ఆ దెబ్బ నుంచి ఆయన పనిలో పడే తేరుకున్నాడు. 1941లో భారతీయ పక్షుల పుస్తకం వచ్చింది; సామాన్యుడు చేతిలో పట్టుకుని పిట్టను గుర్తుపట్టగల పుస్తకం. డిల్లన్ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాల మహాగ్రంథం 1968 నుంచి 1974 దాకా వెలువడింది. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం. పట్టా లేదని ఒకప్పుడు పక్కన పెట్టిన మనిషికి 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1987లో, తొంభై ఏళ్ళ వయసులో, ఆయన కన్నుమూశాడు.

చలికాలపు పిట్టల విషయంలో ఆయన చేయించిన పెద్ద పని ఉంగరాలు వేయడం. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులు, మనుషులు ఒక కొత్త జ్వరంతో చనిపోయారు. రష్యాలోని ఒక జ్వరానికి ఇది దగ్గరి బంధువని తేలడంతో, వలస పిట్టలు మోసుకొచ్చాయేమోనన్న అనుమానం పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో 1959లో బొంబాయి సొసైటీ వలస పక్షుల పథకం మొదలుపెట్టింది. పిట్టను వలేసి పట్టి, కాలికి నంబరున్న తేలికపాటి ఉంగరం తొడిగి వదిలేయడం పని. భరత్‌పూర్‌లో ఉంగరం వేసిన నీటిపక్షులు సోవియట్ దేశపు సైబీరియా, కజకిస్తాన్ ప్రాంతాల్లో దొరికాయి. మన చెరువుకూ అక్కడి చిత్తడి నేలకూ మధ్య దారి ఉందన్నది ఊహ కాదు, నంబరుతో సహా రుజువైన సంగతి అయింది.

ఆ భరత్‌పూర్ దగ్గరే నేను ముందు చెప్పిన రెండో సగం ఉంది. అది రాజస్థాన్‌లో రాజులు వేట కోసం కట్టించుకున్న మడుగుల సముదాయం. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పక్షుల్ని కొట్టారు. స్వాతంత్ర్యం తరువాత ఆ నీటిని పొలాలకు మళ్ళించాలన్న ఒత్తిడి వస్తే, సలీం అలీ నెహ్రూ దాకా వెళ్ళి దాన్ని కాపాడాడు. ఇంతవరకు అందరూ మెచ్చేదే. తరువాత అక్కడ బర్రెలు మేయడం వల్ల పక్షులకు నష్టమని ఆయనా, ఇతర నిపుణులూ గట్టిగా నమ్మారు. 1982లో మేత నిషేధించారు. చుట్టుపక్కల పల్లెల జనం తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో గ్రామస్థులు కొందరు చనిపోయారు. మరి మేత ఆగాక జరిగిందేమిటి? నీటిగడ్డి విపరీతంగా పెరిగి మడుగుల్ని మూసేసింది. ఖాళీ నీరు తగ్గింది, చేపలు తగ్గాయి, వాటితో నీటిపక్షులూ తగ్గాయి. బర్రెలు ఆ గడ్డిని తిని మడుగును తెరిచి ఉంచుతున్నాయని తేల్చింది ఎవరో కాదు, సలీం అలీ పెంచిన బొంబాయి సొసైటీ శాస్త్రజ్ఞులే. 1980లో మొదలుపెట్టి పదేళ్ళు లెక్కలు కట్టి ఆ మాట చెప్పారు. తుది నివేదిక వచ్చేసరికి ఆయన లేడు.

దీన్ని బట్టి ఆయన గొప్పతనం తగ్గిందని నేను అనుకోను. విస్లర్ మాటను ఆయన నోటుపుస్తకం దిద్దింది. ఆయన మాటను ఆయన శిష్యుల నోటుపుస్తకం దిద్దింది. విద్య అంటే అదే గదా! కాని పోయిన ప్రాణాలు ఏ నివేదికతోనూ తిరిగి రావు. పల్లె జనాన్ని అడగకుండా, లెక్క పూర్తికాకుండా, మంచి ఉద్దేశంతోనే ఆజ్ఞ జారీ చేస్తే ఏమవుతుందో భరత్‌పూర్ చెప్పింది.

మన చెరువుల సంగతికి వస్తే ఈ పాఠం సూటిగా తగులుతుంది. నాగార్జునసాగర్ వెనుక నీటిని పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లికి తెచ్చాక, కాలువలు మన చెలకల్లోకి వచ్చాయి. ఫ్లోరైడు నీళ్ళతో నడుము వంగిన జిల్లాకు అది వరమే. ఆ నీళ్ళొద్దని పిట్టల పేరు చెప్పి ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. పూడిక తీయడమూ అవసరమే. అయితే మట్టి తవ్వేటప్పుడు కట్ట వైపు లోతు చేసి, శిఖం వైపు ఏటవాలు అలాగే ఉంచితే రైతుకూ నీళ్ళు నిలుస్తాయి, ఉల్లంకికీ కూడు మిగులుతుంది. ఎక్కడ పడితే అక్కడ నిలువు గోతులు తీస్తే పిట్ట నిలవదు, నీళ్ళకు దిగిన గొడ్డూ పిల్లవాడూ మునిగే ప్రమాదం. శిఖం భూమిని ప్లాట్లు చేస్తే ఇక చెప్పేదేముంది! గుర్రపుడెక్క కమ్మిన చెరువులో బెస్తవాడి వలా పారదు, పిట్ట కాలూ దిగదు. గొల్లవారి గొడ్లు, ముదిరాజుల వలలు, రైతు తూము, ఇవన్నీ పిట్టకు శత్రువులని అనుకోకండి. చెరువును చెరువుగా ఉంచింది ఈ పనులే. వాటిని తరిమి పిట్టను కాపాడబోవడం, పిట్టను మరిచి చెరువును గొయ్యి చేయడం, రెండూ ఒకే తెలివితక్కువ.

మన విద్యార్థులు చేయగలిగింది ఒకటుంది. ప్రతి జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క తీస్తారు. మన ఉపఖండంలో అది మొదలైంది 1987లో, సలీం అలీ పోయిన ఏడాదే. దానికి పట్టా అక్కరలేదు, జీతమూ రాదు. ఒక నోటుపుస్తకం, ఓపిక, వీలైతే ఒక దుర్భిణి చాలు. ఏ చెరువు, ఏ తేదీ, నీళ్ళెంత, బురద అంచెంత, ఏ పిట్టలెన్ని అని ఐదేళ్ళు వరసగా రాసిపెట్టండి. రేపు మీ ఊరి చెరువు మీద ఎవరైనా ఒక నిర్ణయం చేయబోతే, గ్రామసభలో లేచి చూపించడానికి మీ దగ్గర ఆ లెక్క ఉంటుంది. గొల్లవారినీ, బెస్తవారినీ, తూము తీసే నీరటినీ పక్కన కూర్చోబెట్టుకుని మరీ రాయండి. మనకంటే ఎన్నో ఏళ్ళ ముందు నుంచి ఆ ఒడ్డును చూస్తున్నది వాళ్ళే.